కిటికీ అవతలి సీసా

గాలి ఒప్పుకుంటే నెలకోసారి
చిలోయే పెద్ద దీవి నుంచి మా చిన్న దీవికి
డాక్టరు పడవ వస్తుంది.
బడిలో బల్లలు మూలకి జరిపి
పిల్లల కుర్చీలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటారు వాళ్ళు.
మేం గోడ వెంట నిలబడతాం
తడిసిన ఉన్ని వాసనతో.

మొదటాయన కాగితం చూశాడు, నన్ను చూడలేదు.
"మూడు వందల పది. ఏం తింటున్నావ్ ఎడెల్మీరా?"
బంగాళాదుంపలు, అన్నాను.
నల్లవి, వంకరవి, పిల్లి పంజాలాంటివి,
ఒక్కోదానికీ పేరుంది.
చెప్పబోయాను.
పెన్నుకి మూత పెట్టేశాడు.

రెండో ఆమె మంచిది.
పళ్ళెం బొమ్మ ఇచ్చింది, రంగుల్లో.
అందులో నేను గుర్తుపట్టింది చేపనొక్కదాన్నే.

మూడో ఆయన మోతాదు పెంచాడు.
మళ్ళీ వచ్చి మళ్ళీ పెంచాడు.

ముగ్గురికీ "సరే డాక్టర్" అన్నాను.
మా దగ్గర సరే అంటే
తలుపు వేసుకునే చప్పుడు.

ఒక్క పూట తప్పలేదు నేను.
హెరాల్దోని మట్టిలో పెట్టిన రోజు కూడా
నల్ల గౌను పైకెత్తి
పొట్టలో సూది గుచ్చుకున్నాకే స్మశానానికి నడిచాను.
వాళ్ళేమో రాశారు: రోగి మాట వినదు.
ఇదే బడిలో ఇరవై రెండేళ్ళు సూప్ వడ్డించాను,
బల్లకి ఇవతల నుంచి
పిల్లల పుస్తకాలు తలకిందులుగా చదవడం
నాకు కొత్త కాదు.

నాలుగోవాడు కుర్రాడు, పేరు లౌతారో.
పడవలో కక్కుకుంటూ వచ్చాడు.
ముందు నా దగ్గరే వేడినీళ్ళు అడిగాడు.
తాగి, పాలిపోయిన మొహంతో,
"మీ రోజు చెప్పండి," అన్నాడు,
"లేచిన దగ్గర్నుంచి."

పొయ్యి రాజేస్తాను. కోళ్ళని వదులుతాను.
కెటిల్ పెట్టి, కిటికీ తెరిచి మందు తీసుకుంటాను—

"కిటికీ ఎందుకు?"

చల్లగా ఉంచమన్నారుగా.
కరెంటు సాయంత్రం మూడు గంటలే.
అందుకే బయట చెక్కకి బిస్కెట్ల డబ్బా కొట్టి
అందులో పెట్టాను సీసా.
ఒక్కోసారి పొద్దునకి గడ్డకట్టి ఉంటుంది.
చంకలో పెట్టుకుని కరిగిస్తాను,
గుడ్డు పొదిగినట్టు.

చాలాసేపు మాట్లాడలేదతను.
"గడ్డకట్టిందంటే అది ఇక మందు కాదమ్మా.
ఈ మాట మేం అడగాలి. పదకొండు నెలల కిందటే."

ఏడుస్తాననుకున్నాడేమో.
నాకు ఒళ్ళు మండింది.

రేవులో పడవ కూత పెట్టింది.
ఆగమని కబురు పంపాడు.
కొత్త సీసా మెట్ల కింద, ఉన్ని మేజోడులో.
పెంచిన మోతాదంతా వెనక్కి,
నిజం మందుకి అంత వేస్తే కూలిపోతారు, అన్నాడు.
చెయ్యి వణికితే, చెమట పడితే ఏం చెయ్యాలో చెప్పి,
"ఇప్పుడు మీరు డాక్టరు. నాకు చెప్పండి."
రెండుసార్లు తప్పు చెప్పాను.
మూడోసారీ విన్నాడు.

ఆగస్టులో తుఫాను.
తొమ్మిది వారాలు పడవ లేదు.
ఓ రాత్రి దుప్పటి తడిసి మెలకువ వచ్చింది,
వేళ్ళు నావి కానట్టు.
దీపం కింద మీటరు: యాభై ఎనిమిది.
రెండు చెంచాల తేనె.
పావుగంట.
గడియారం వైపు చూస్తూ ఆ పాఠమే పైకి చెప్పుకున్నాను,
వినేవాడు ఎదురుగా ఉన్నట్టు.
డెబ్బై ఆరు.
ఓ రొట్టెముక్క తిని,
కోళ్ళు లేచేదాకా కూర్చున్నాను.
భయం వేసింది.
అయినా లెక్క తప్పలేదు.

లౌతారోని ఇంకెక్కడికో మార్చారట.
మొన్న కొత్తావిడ దిగింది, పెన్ను తెరుచుకునే.
"ఏం తింటున్నావ్?"

వంటగదిలోంచి పెద్ద కుర్చీ ఈడ్చుకొచ్చి
ఆమె వెనక వేశాను.
కూర్చోండి డాక్టర్.
ముందు నా రోజు చెబుతాను.